మిద్దె మీద బాడుగకు వచ్చినవాళ్లు నిలవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం. టీచరుగా రిటైరయ్యాను. మావారు పోయారు, కొడుకు బెంగళూరులో ఉద్యోగం. కింద నేనొక్కదాన్నే ఉంటాను, పైన రెండు బెడ్రూముల ఇల్లు బాడుగకు ఇస్తాను. మెట్లు బయటి నుంచే. ట్యాంకు మాత్రం ఇద్దరికీ ఒకటే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మోటరు వేస్తాను. రెండేళ్లలో ముగ్గురు మారారు. మొదటివాళ్లు ఏసీ పెట్టుకుంటామంటే గోడకు రంధ్రం పడుతుందని వద్దన్నాను, ఎండాకాలం మధ్యలోనే వెళ్లిపోయారు. రెండోవాళ్లు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. రాత్రి తొమ్మిదిన్నరకు నేను గేటుకు తాళం వేస్తాను, దాని మీద రోజూ గొడవే. మూడోవాళ్లకు నీళ్లు చాలలేదు, కరెంటు యూనిట్‌కు పది రూపాయలు ఎక్కువన్నారు. ఒక నెల బాడుగ లేటయితే పైకి పోయే వాల్వు కట్టేయమని పక్కింటావిడ చెప్పింది, అలాగే చేశాను. వాళ్లు ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అడ్వాన్సు పట్టుకున్నాను, ఇప్పుడు ఊరంతా నన్ను చెడ్డగా చెబుతున్నారు. నాలుగు నెలలుగా ఇల్లు ఖాళీ. బాడుగ 9,500. బ్యాంకులో పనిచేసే అబ్బాయి, భార్యాబిడ్డలతో వచ్చి చూసిపోయాడు. 8,500కు ఇమ్మంటున్నాడు, నా పాన్ నంబరు కూడా కావాలట. వాళ్లు మావాళ్లు కారు, మాంసం తింటారు. పాత తాడిపత్రి బండలు తీసి టైల్స్ వేస్తే మంచి మనుషులు వస్తారని మేస్త్రీ అంటున్నాడు, లక్షన్నర అవుతుందట. ఈ కాలంలో మంచివాళ్లు దొరకడమే లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మేడమ్ గారూ, వెళ్లిపోయిన ముగ్గురిలో ఒక్కరి మీద కూడా తాగి గొడవ చేశారని గానీ, ఇల్లు పాడు చేశారని గానీ, బాడుగ ఎగ్గొట్టారని గానీ మీరు రాయలేదు. ఒక్క నెల లేటయిందన్నారు, అంతే. అంటే మీకు మంచివాళ్లు దొరికారు, ఒకరు కాదు ముగ్గురు. ఒకరు ఎండకు పోయారు, ఒకరు తాళానికి పోయారు, ఒకరు నీళ్లకు పోయారు. ఇవి సరిచేయకుండా నాలుగోవాళ్లను తెచ్చుకున్నా వాళ్లూ ఏడాదిలోపే ఖాళీ చేస్తారు.

ముందు మేస్త్రీ మాట పక్కన పెడదాం. టైల్స్ వేసినందుకు మన ఊళ్లో బాడుగ మహా అయితే నెలకు ఐదు వందలు పెరుగుతుంది. ఆ లెక్కన లక్షన్నర తిరిగి రావడానికి 300 నెలలు, అంటే పాతికేళ్లు పడుతుంది. బండలు చెక్కుచెదరకుండా ఉంటే పాలిష్ పట్టించండి, సందుల్లో సిమెంటు పూయించండి, చాలు. గచ్చు చూసి ఇల్లు వద్దనుకున్నవాళ్లను నేనైతే ఎరగను. నీళ్లు వదిలి చూసి వద్దనుకున్నవాళ్లు మాత్రం చాలామంది.

మన ఊళ్లో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసేవాళ్ల మొదటి ప్రశ్న బాడుగ ఎంతని కూడా ఉండదు, "నీళ్లెట్లా?" అని ఉంటుంది. అనంతపురానికి ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. పెన్నఅహోబిలం రిజర్వాయరు నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లు, ఇంట్లో బోరు, రెండూ ఉన్నా ఎండాకాలం వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ టెన్షనే. అందుకే మీరు నీళ్లు పొదుపుగా వాడతారు, అది నాకు అర్థమైంది. కానీ లెక్క చూడండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని నీటి పథకాలు వేసేటప్పుడు ప్రభుత్వమే లెక్క వేస్తుంది. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. మీరు సాయంత్రం మోటరు వేసేసరికి వాళ్లు ఇంట్లో ఉండరు, వాళ్లు వచ్చి స్నానానికి పోయేసరికి ట్యాంకు అడుగున ఉంటుంది. కిందికొచ్చి "ఆంటీ, ఒక్కసారి మోటరు వేస్తారా" అని అడగాలి. ఒకసారి అడగడం మామూలే. రోజూ అడగాల్సి వస్తే బాడుగ కడుతున్న మనిషికి అవమానంగా ఉంటుంది. నీళ్లు చాలలేదని మీకు చెప్పారు గానీ, వాళ్లకు అసలు బాధ ఈ అడుక్కోవడమే అయి ఉంటుందని నా అనుమానం.

పైవాళ్లకు వేరే ట్యాంకు పెట్టించండి, వెయ్యి లీటర్లది. వాళ్ల పైపు వేరు, మీ పైపు వేరు. ట్యాంకు నిండగానే మోటరు ఆగిపోయే ఆటోమేటిక్ స్విచ్ ఒకటి వేయిస్తే నీళ్లు పొంగి వృథా అవుతాయన్న భయం మీకూ ఉండదు. మోటరు స్విచ్ మీ ఇంట్లోనే ఉంటే, దాన్ని మెట్ల దగ్గరికి మార్పించి చిన్న పెట్టెలో పెట్టించండి, తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉంటుంది. మంచి ప్లంబరు దొరికితే రెండు రోజుల పని. టైల్స్‌కు అనుకున్న డబ్బులో చిన్న ముక్క.

ఇక ఆ వాల్వు సంగతి. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు, కానీ ఇంకెప్పుడూ ఆ పని చేయకండి. బాడుగ రాకపోతే నోటీసు ఇవ్వొచ్చు, అడ్వాన్సులో మినహాయించుకోవచ్చు, కోర్టుకూ పోవచ్చు. నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం మాత్రం చట్టం ఒప్పుకోదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ఈ మాట సూటిగానే చెబుతుంది. చట్టం సంగతి అటుంచండి, ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఒక్క పూట నీళ్లు లేకపోయినా ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఎండ విషయానికొస్తే, మిద్దె మీద మిద్దె కాబట్టి స్లాబు వేడంతా పైవాళ్లకే. కింద మీకు ఆ బాధ తెలియదు. మన పాత చవుడు మిద్దెలు ఎంత చల్లగా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. ఆర్‌సీసీ స్లాబు అలా కాదు, పగలంతా తాగిన ఎండను రాత్రి రెండు గంటల దాకా ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. ఏటా ఫిబ్రవరి ఆఖర్లో స్లాబు మీద శుభ్రంగా ఊడిపించి తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి, లేదా కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. పెయింటుకు ఖర్చు ఎక్కువ, కాకపోతే ఏటేటా వేయించే పని ఉండదు. కిటికీలకు దోమల జాలీలు బిగించండి, రాత్రి కిటికీలు తెరుచుకుని పడుకోగలుగుతారు.

ఏసీకి మాత్రం ఒప్పుకోండి. పైపు పోవడానికి రెండున్నర అంగుళాల రంధ్రం చాలు. వెళ్లేటప్పుడు సిమెంటుతో పూడ్చి, ఆ చోట రంగు వేయించి పోవాలని అగ్రిమెంటులో ఒక వాక్యం రాసుకుంటే సరి. నిజానికి మీరే ఒక బెడ్రూములో ఏసీకని వేరే లైను లాగించి, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించి ఉంచితే, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు అదే పెద్ద ఆకర్షణ. సొంత ఏసీ తెచ్చి గోడకు బిగించుకున్నవాళ్లు చిన్న చిన్న కారణాలకు ఇల్లు మారరని కూడా గుర్తుంచుకోండి. విప్పడం, మళ్లీ బిగించడం, గ్యాస్ నింపించడం, అదంతా వాళ్లకు ఖర్చే.

కరెంటుకు పైన వేరే మీటరు పెట్టించండి, ఇక మాటే రాదు. ఇప్పుడు రెండు ఇళ్ల వాడకం ఒకే మీటరులో పడి ఎక్కువ రేటుండే స్లాబులోకి పోతోంది. మీరు సబ్‌మీటరు చూసి పది రూపాయలు వేస్తే, తక్కువ స్లాబులో చవకగా పడాల్సిన యూనిట్లు కూడా వాళ్లకు పదికే పడతాయి. మీకేమీ లాభం లేకపోయినా ఉందనుకుంటారు.

అన్నిటికంటే కష్టమైనది తాళం. ఒంటరిగా ఉన్న ఆడమనిషికి రాత్రి పూట గేటు తెరిచి ఉంటే నిద్ర పట్టదు, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పైన మనుషులుంటే ధైర్యమనే కదా మీరు బాడుగకు ఇచ్చేది. కానీ డ్యూటీ నుంచి పదింటికి వచ్చే మనిషి గేటు బయట నిలబడి మిమ్మల్ని నిద్రలేపాల్సి వస్తే, ఆ ధైర్యం ఆరు నెలలకే మీకు దూరమవుతుంది. గేటు తాళంచెవి ఒకటి వాళ్లకివ్వండి. మీ వాకిలికి బలమైన గ్రిల్ పెట్టించి, మీ తాళం దానికి వేసుకోండి. గేటు దగ్గర ఒక కెమెరా పెట్టించి మీ అబ్బాయి ఫోనుకు కలిపితే బెంగళూరులో ఆయనకూ నిశ్చింత. కెమెరా గేటు వైపే చూడాలి, వాళ్ల మెట్లు, తలుపు వైపు కాదు.

ఇక్కడ ఒక మాట చనువు తీసుకుని అంటాను, ఏమనుకోవద్దు. మీరు రాయలేదు గానీ, ఇలాంటి ఇళ్లలో తరచూ జరిగేదే. ఓనరమ్మ ఒక్కతే ఉంటుంది, పొద్దు పోదు. పైకెవరైనా బంధువులొస్తే "ఎవరమ్మా వచ్చింది, ఎన్నాళ్లుంటారు?" అని అడుగుతుంది. బట్టలు ఆరేసేందుకు మిద్దెక్కి, దారిలోనే కదా అని వంటింట్లోకి తొంగి చూస్తుంది. పై అమ్మాయికి కరివేపాకు ఇస్తుంది, ఫోను రీఛార్జ్ చేయించుకుంటుంది. ప్రేమగానే. ఆ అమ్మాయికి మాత్రం పుట్టింట్లో అమ్మ, అత్తింట్లో అత్త, ఇక్కడ మూడోవారు. ఆఫీసులో పది మందికి జవాబు చెప్పి వచ్చిన మనిషి ఇంటి మెట్ల మీద ఇంకొకరికి జవాబు చెప్పలేదు. మీ ఇంట్లో ఇది లేకపోతే సంతోషం. ఉంటే, పైకి వెళ్లాలనుకున్నప్పుడు ముందు ఫోన్ చేసి వెళ్లండి. రిపేరుకైనా సరే, ముందురోజు చెప్పండి. నమూనా చట్టంలో ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలపాలని ఉంది. అది లేకపోయినా మర్యాద మర్యాదే. స్నేహం కుదిరితే వాళ్లే కిందికొచ్చి కూర్చుంటారు. మీరు టీచరు, వాళ్ల బిడ్డకు లెక్కలు రాకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు?

అడ్వాన్సు గురించి. నెల బాడుగ రంగులకని పట్టుకున్నారు సరే, ముందే చెప్పారా? రంగులు నిజంగా వేయించారా? రసీదు చూపించారా? ఇవేవీ లేకపోతే వాళ్లు చెడ్డగా చెప్పడంలో ఆశ్చర్యం లేదు. అనంతపురం పెద్ద ఊరే గానీ ఉద్యోగస్థుల లోకం చిన్నది. ఒక బ్రాంచిలోనో, స్టాఫ్ రూములోనో, ఆసుపత్రి డ్యూటీ రూములోనో "ఆ వీధిలో ఇల్లు ఖాళీగా ఉందట" అని ఒకరంటే, "అక్కడా, వద్దులే" అని ఇంకొకరంటారు. మీ బోర్డు అక్కడే వేలాడుతుంటుంది, ఫోను మోగదు. ఆ మూడోవాళ్లకు ఇప్పటికైనా ఫోన్ చేసి, నిజంగా అయిన ఖర్చు ఎంతో చెప్పి మిగతాది తిరిగి ఇచ్చేయండి. మనసుకు కష్టంగానే ఉంటుంది, అయినా ఆ డబ్బుతో మీరు వేయించుకోగల ప్రకటన ఇంకేదీ ఇంత పని చేయదు. బెంగళూరులో పది నెలలు తీసుకుంటారని మీ అబ్బాయి చెప్పొచ్చు, ఆ లెక్క ఇక్కడికి తేకండి. నమూనా చట్టం నివాసానికి రెండు నెలల అడ్వాన్సు దాటొద్దంటుంది, మీరూ రెండు నెలలే తీసుకోండి.

"మావాళ్లు కారు" అన్నారు. మీరు ముప్పై ఏళ్లో ఎన్నేళ్లో క్లాసులో అందరి పిల్లలనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటారు కాబట్టి సూటిగానే చెబుతున్నాను. ఫోనులో మొదటి నిమిషంలోనే కులం అడిగే ఇంటికి, మంచి ఉద్యోగంలో ఉండి, వేళకు బాడుగ కట్టగలిగినవాళ్లు రెండోసారి ఫోన్ చేయరు. వాళ్లకు వేరే ఇల్లు దొరుకుతుంది. ఇంకెక్కడా దొరకనివాళ్లే మీ ప్రశ్నలన్నిటికీ తలూపుతారు. బాడుగ ఒకటో తేదీకి వస్తుందా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారా, ఈ రెండింటికీ కులంతో సంబంధం లేదని మీ ముగ్గురి అనుభవమే చెబుతుంది.

మాంసం సంగతి వేరు. అది మీ ఇల్లు, కింద మీ పూజ గది ఉంది, మీకు ఇబ్బందైతే వద్దనే హక్కు మీకుంది. కాకపోతే ఆ మాట మొదటి ఫోనులోనే చెప్పాలి, సామాను దించాక కాదు. అలా చెబితే మీకు వచ్చే ఫోన్లు ఎన్ని తగ్గుతాయో మన జిల్లాలో ఆదివారం పొద్దున ఏ వీధిలో నడిచినా తెలిసిపోతుంది. మెట్లు బయట ఉన్నాయి, వంటిల్లు వేరు. వాసన మీ వైపు రాకుండా పై వంటింట్లో మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్, వీధి వైపుకు తిరిగేలా పెట్టిస్తే మీరు సర్దుకోగలరేమో ఆలోచించండి. చెత్త బుట్ట వేరుగా, మూతతో ఉంచాలని అడగడంలో తప్పు లేదు. సర్దుకోలేనంటే అదీ సరే, కానీ అప్పుడు ఇంకో రెండు మూడు నెలల ఖాళీకి సిద్ధపడండి.

ఇప్పుడు బ్యాంకు అబ్బాయి. నాలుగు నెలల ఖాళీకి మీకు పోయింది 38,000. అతను అడిగే వెయ్యి తగ్గింపు అంత కావాలంటే 38 నెలలు పడుతుంది, మూడేళ్లు దాటుతుంది. బ్యాంకువాళ్లు ఒక ఊళ్లో మామూలుగా ఉండేదే రెండు మూడేళ్లు. కాబట్టి 8,500 అనడం మీకు నష్టం కాదు. కావాలంటే ఈ ఏడాదికి 8,500, రెండో ఏడాది 9,000 అని మాట్లాడుకోండి. ముందే రాసుకున్న పెంపుకు ఎవరూ మొహం ముడవరు. మధ్యలో ఒకరోజు పిలిచి "పక్క వీధిలో పదివేలు నడుస్తోంది" అన్నప్పుడే వాళ్లు వేరే ఇల్లు వెతకడం మొదలుపెడతారు.

పాన్ నంబరు అడిగితే కంగారు పడినట్టున్నారు. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకోవాలంటే, ఏడాది బాడుగ లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ చూపించాలి. 8,500 చొప్పున 1,02,000 అవుతుంది కాబట్టి అతను అడగడం న్యాయమే. కొందరు ఓనర్లు లక్షలోపు ఉండేలా 8,300 అని రాయించుకుని, మిగతాది చేతికి తీసుకుంటారు. ఆ తిప్పలు మీకెందుకు? ఈ బాడుగలో మీరు కట్టిన ఇంటి పన్ను పోను, మిగిలినదాంట్లో 30 శాతం రసీదులేమీ అడగకుండానే మినహాయిస్తారు. పన్ను లెక్కకు వచ్చేది మహా అయితే 71 వేలు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను పడటం లేదు. మీ పింఛను, ఇది కలిపినా అంత కాదనుకుంటాను, మీ ఆడిటరును ఒక మాట అడగండి. పాన్ ఇచ్చే ఓనరంటే ఉద్యోగస్థులకు ప్రాణం, ఎందుకంటే చాలామంది ఇవ్వరు.

మాట ఇచ్చే ముందు అతని గురించి మీరూ తెలుసుకోండి. ఇప్పుడున్న ఓనరును అడిగితే సరిపోదు. వదిలించుకోవాలనుకునే ఓనరు కూడా "బంగారం లాంటి మనుషులు" అనే అంటాడు. అంతకుముందున్న ఇంటి ఓనరు నంబరు తీసుకుని అడగండి, ఆయనకు దాచాల్సిన అవసరం ఉండదు. ఆధార్ కాపీ, ఆఫీసు గుర్తింపు కార్డు చూడండి. పోలీసు స్టేషన్‌లో వివరాలు ఇస్తే ఇంకా మంచిది.

అగ్రిమెంటు స్టాంపు పేపరు మీద, 11 నెలలకు రాయించండి. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ కావాలనుకుని అందరూ 11 నెలలంటారు గానీ, మన రాష్ట్రంలో చట్టానికి చేసిన సవరణ ప్రకారం 11 నెలల లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి. బాడుగ తేదీ, పెంపు, ఖాళీ చేయాలంటే ఎవరైనా ఒక నెల ముందు చెప్పాలని, రంగులకు ఎంత పట్టుకుంటారో, ఎప్పుడు పట్టుకోరో, ఏసీ రంధ్రం, గేటు తాళంచెవి, అన్నీ అందులోనే రావాలి. తాళాలిచ్చే రోజు ఇద్దరూ కలిసి ప్రతి గది, ప్రతి కొళాయి ఫోనులో ఫొటోలు తీసి ఒకరికొకరు వాట్సాప్ చేసుకోండి. వెళ్లే రోజు వాదన ఉండదు. బాడుగ మాత్రం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలోకే వేయించుకోండి, రసీదు అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి.

ఆషాఢం వచ్చిందంటే మనవాళ్లలో ఎక్కువమంది ఇల్లు మారరు, పాలు పొంగించడానికి శ్రావణం దాకా ఆగుతారు. అప్పటికి బడులు తెరిచి, పిల్లలున్నవాళ్లంతా ఎక్కడో ఒకచోట సర్దుకుని ఉంటారు. అందుకని ఈ వారంలోనే ఆ అబ్బాయికి ఫోన్ చేసి మంచిరోజు ఎప్పుడో అడగండి. ప్లంబరును మాత్రం దానికంటే ముందే పిలిపించండి. కొత్త ట్యాంకు, పైపుల పని వాళ్లు సామాను దించాక మొదలుపెడితే మొదటి రెండు రోజులూ పైన నీళ్లుండవు.